ఇండెక్స్: చూపుడు వేలి నుంచి సెర్చ్ ఇంజిన్ దాకా

ఇంటర్‌లో సైన్స్ గ్రూపు చదివినవాళ్లకి ఇండెక్స్ అనగానే ప్రాక్టికల్ రికార్డులో మొదటి పేజీ గుర్తొస్తుంది. క్రమ సంఖ్య, తేదీ, ప్రయోగం పేరు, పేజీ నంబరు, చివర లెక్చరర్ సంతకం కోసం ఒక గడి. షేర్లు కొనేవాళ్లకి ఇండెక్స్ అంటే సెన్సెక్స్, నిఫ్టీ. ప్రభుత్వ ఉద్యోగులకి డీఏ ఎంత పెరుగుతుందో తేల్చే ధరల సూచీ. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి, క్వెరీ నిదానంగా నడుస్తుంటే టేబుల్ మీద వేసేది. పరిశోధకులకి లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం చివర చిన్న అక్షరాల్లో, రెండు వరసల్లో ఉండే పేర్ల జాబితా. లెక్కల టీచరుకి అంకె భుజం మీద కూర్చునే చిన్న అంకె, అంటే ఘాతాంకం.

ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కనిపించే ఇన్ని పనులకి ఒకే మాట ఎలా సరిపోయిందో తెలుసుకోవాలంటే లాటిన్ దాకా వెళ్లాలి. అక్కడికి వెళ్తే అన్నీ ఒకే చేష్ట నుంచి పుట్టాయని తెలుస్తుంది. ఒక మనిషి వేలు చాపి 'అదిగో, అక్కడ' అని చూపించడం.

లాటిన్‌లో 'ఇండెక్స్' అంటే చూపించేది, లేదా చూపించేవాడు. ముందున్న 'ఇన్' అటువైపు అని చెబుతుంది. వెనకున్న 'డిక్' అనే ధాతువుకి చూపడం, చెప్పడం అని అర్థం. ఏకవచనంలో ఇండెక్స్, మిగతా విభక్తుల్లో 'ఇండిక్' అనే రూపం బయటపడుతుంది. ఇంగ్లిష్‌లో దీనికి రెండు బహువచనాలు ఉండటానికి కారణం అదే. పుస్తకాల వెనక ఉండేవాటిని ఇండెక్సెస్ అంటారు, లెక్కల్లోనూ ఆర్థికశాస్త్రంలోనూ లాటిన్ పద్ధతిలో ఇండిసెస్ అంటారు. ఇండికేట్, ఇండికేటర్ కూడా ఈ కుదురులోవే. డిక్టేషన్, డిక్షనరీ, డిక్షన్ దగ్గరి చుట్టాలు. న్యాయమూర్తిని లాటిన్‌లో 'యూడెక్స్' అనేవారు, అంటే న్యాయం ఏదో చెప్పేవాడు. ఇంగ్లిష్ జడ్జి అక్కడి నుంచే వచ్చాడు.

రోమన్లు ఈ మాటని ఎక్కడెక్కడ వాడారో చూస్తే దాని స్వభావం బాగా పట్టుబడుతుంది. కవి హొరేస్ తన వ్యంగ్య కవితల్లో ఒక ధనికుడి విందుని వర్ణిస్తాడు. వడ్డించిన వాటిలో ఏదైనా అతిథుల కంటపడకుండా పోతుందేమోనని, దాన్ని చూపుడు వేలితో చూపించడానికే అక్కడ ఒక మనిషి ఉంటాడు. ఆ వేలికి హొరేస్ వాడిన మాట ఇండెక్స్. తర్వాత పద్నాలుగు వందల ఏళ్లకి ఇంగ్లిష్‌లోకి ఈ మాట వచ్చినప్పుడు కూడా మొదట వేలి పేరుగానే వచ్చింది. పుస్తకంలో జాబితా అనే అర్థం ఇంగ్లిష్‌లో 16వ శతాబ్దంలో స్థిరపడింది.

వేలు చూపడంలో మంచే కాదు, చెడు కూడా ఉంది. క్రీ.పూ. 63లో రోమ్ ప్రభుత్వాన్ని కూలదోయాలని కాటిలైన్ అనుచరులు చేసిన కుట్ర బయటపడింది. వాళ్లలో వొల్టుర్కియస్ అనేవాడు దొరికిపోయి, శిక్ష ఉండదన్న హామీ మీద సెనేట్ ముందు మిగతావాళ్ల పేర్లు చెప్పేశాడు. అలా పేర్లు బయటపెట్టేవాడిని లాటిన్‌లో ఇండెక్స్ అనేవారు. మన పోలీసు భాషలో అప్రూవర్, ఇన్ఫార్మర్ అన్నమాట. రోమన్ కవి ఓవిడ్ కావ్యంలో ఇంకో కథ ఉంది. మెర్క్యురీ దేవుడు ఆవుల్ని దొంగిలిస్తుండగా బాటస్ అనే ముసలివాడు చూస్తాడు. ఎవరికీ చెప్పనని మాట ఇస్తాడు. దేవుడే మారువేషంలో వచ్చి ఎక్కువ బహుమానం ఆశ చూపిస్తే చెప్పేస్తాడు. వెంటనే రాయైపోతాడు. ఆ రాయిని ఇప్పటికీ ఇండెక్స్ అంటారని ఓవిడ్ రాశాడు.

పుస్తకాల లోకంలోకి ఈ మాట రావడం రోమన్ వక్త, రాజకీయ నాయకుడు సిసెరో ఉత్తరాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. క్రీ.పూ. 56 ప్రాంతంలో ఆయన తన గ్రంథాలయాన్ని సర్దుకుంటున్నాడు. అప్పటి పుస్తకాలు పపైరస్ చుట్టలు. అరల్లో పేర్చి ఉంటే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏ చుట్ట ఏదో తెలియాలంటే విప్పి చూడాలి. అందుకని ప్రతి చుట్టకీ ఒక తోలు చీటీ అతికించి, దాని మీద పేరు రాసి వేలాడదీసేవారు. సిసెరో తన స్నేహితుడు అట్టికస్‌కి ఉత్తరం రాస్తూ, అతికించే పనికి మీ గుమాస్తాలని ఇద్దరిని పంపించు, ఇండెక్సులకి కొంచెం తోలు కాగితం కూడా తెమ్మను, వాటిని మీ గ్రీకులు సిల్లిబోస్ అంటారనుకుంటా, అంటాడు. అంటే అప్పటికి ఇండెక్స్ ఒక చుట్టని బయట నుంచి చూపించే చీటీ మాత్రమే. చుట్ట లోపల ఏ మాట ఎక్కడుందో చూపించే స్థితికి రావడానికి ఇంకా చాలా శతాబ్దాలు పట్టింది.

తెలుగువాళ్లకి నచ్చే సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. లాటిన్ 'డిక్' ధాతువూ సంస్కృతంలోని 'దిశ్' ధాతువూ ఒకే తల్లి పిల్లలు. భాషాశాస్త్రవేత్తలు ఈ బంధుత్వాన్ని ధ్వనుల మార్పు నియమాలతో నిరూపించారు. లాటిన్‌లో 'క' ఉన్న చోట సంస్కృతంలో 'శ' రావడం ఒక వరసలో జరుగుతుంది. వందకి లాటిన్‌లో కెంటుమ్, సంస్కృతంలో శతం. పదికి లాటిన్‌లో డెకెమ్, సంస్కృతంలో దశ. అలాగే అక్కడ డిక్, ఇక్కడ దిశ్. మనం రోజూ వాడే దిశ, దిక్కు, దేశం, ఆదేశం, ఉపదేశం, నిర్దేశం, ఉద్దేశం అన్నీ ఆ దిశ్ నుంచి వచ్చినవే. కాబట్టి ఇండెక్స్ మనకి పూర్తిగా పరాయి మాటేమీ కాదు. ఇంగ్లిష్‌లో టీచ్, టోకెన్ కూడా జర్మానిక్ దారిలో ఈ వంశానికి చెందినవే. గ్రీకు దారిలో పారడైమ్ వచ్చింది.

మనం ఇండెక్స్‌కి వాడే 'సూచిక', 'సూచి' కూడా చూపించడం నుంచే వచ్చాయి. అయితే తెలుగులో ఒక చిక్కు ఉంది. పుస్తకం ముందు ఉండే అధ్యాయాల పట్టికనీ సూచిక అంటాం, వెనక అక్షరక్రమంలో ఉండే జాబితానీ సూచికే అంటాం. రికార్డు బుక్కులో మొదటి పేజీ మీద ఇండెక్స్ అని అచ్చువేసేది నిజానికి విషయ పట్టిక. ఇది మన పొరపాటేమీ కాదు, షేక్‌స్పియర్ కాలపు ఇంగ్లిష్‌లోనూ ఇండెక్స్ అంటే పుస్తకం ముందుండే పట్టికే. హామ్లెట్ నాటకంలో రాణి, ఇండెక్స్‌లోనే ఇంతగా ఉరుముతున్న ఆ పనేమిటి అని అడుగుతుంది. అసలు విషయం ఇంకా మొదలుకాకుండానే ఇంత గర్జన ఎందుకని ఆవిడ అర్థం.

పేరు ఒకటే అయినా ఆ రెండూ చేసే పనులు వేరు. మొత్తం విషయానికి కీలకం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ముందుండే పట్టిక రచయిత క్రమాన్ని పాటిస్తుంది. ఆయన ఏది ముందు చెప్పాడో, ఏది తర్వాత చెప్పాడో అదే వరస. వెనకుండే సూచిక ఆ వరసని పూర్తిగా పక్కన పెట్టి, చదివేవాడి ప్రశ్న ప్రకారం పుస్తకాన్ని తిరిగి పేరుస్తుంది. రచయిత 12వ పేజీలో ఒక మాట, 340వ పేజీలో ఇంకో మాట అన్నా, సూచికలో ఆ రెండు పేజీలూ ఒక్క పేరు పక్కన కలుస్తాయి. పుస్తకంలో ఒక్క అక్షరం కూడా కదలదు.

మొదటి రకం చాలా పాతది. క్రీ.శ. 77 ప్రాంతంలో రోమన్ రచయిత పెద్ద ప్లినీ తన 37 సంపుటాల ప్రకృతి చరిత్రని చక్రవర్తి కుమారుడు టైటస్‌కి అంకితమిస్తూ, మీకు తీరిక ఉండదు కాబట్టి అంతా చదవక్కర్లేకుండా ఏది ఎక్కడుందో రాసిపెట్టానన్నాడు. మొదటి సంపుటమంతా ఆ పట్టికే. మన దేశంలో ఋగ్వేదానికి కాత్యాయనుడి పేరుతో ఉన్న సర్వానుక్రమణి ఇంకా నిశితమైన పని. ప్రతి సూక్తానికీ మొదటి పదం, మంత్రాల సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు వరసగా చెబుతుంది. కానీ అదీ సంహిత వరసలోనే నడుస్తుంది. ఫలానా దేవత మీద సూక్తాలు ఎక్కడెక్కడ ఉన్నాయి అని అడిగితే మొదటి నుంచి చివరిదాకా చదువుకుంటూ పోవాల్సిందే.

రెండో రకం సూచిక పుట్టాలంటే రెండు వస్తువులు కావాలి. ఒకటి, అందరికీ తెలిసిన ఒక వరస. రెండు, గ్రంథంలో ఒక చోటుకి ఒక చిరునామా.

వరస అంటే అక్షరక్రమం. ఇప్పుడు మనకి అది గాలి పీల్చినంత మామూలు. మధ్యయుగపు ఐరోపాలో మాత్రం దాన్ని విడమరిచి చెప్పాల్సి వచ్చింది. జెనోవాకి చెందిన జాన్ బాల్బస్ అనే సన్యాసి 1286లో ఒక పెద్ద లాటిన్ నిఘంటువు పూర్తిచేశాడు. పాఠకులకి వరస ఎలా పనిచేస్తుందో పూసగుచ్చినట్టు వివరించాడు. అమో, బిబో అనే రెండు మాటలున్నాయనుకోండి, మొదటిదాని తొలి అక్షరం ఎ, రెండోదాని తొలి అక్షరం బి, ఎ ముందు వస్తుంది కాబట్టి అమో ముందు. తొలి అక్షరాలు ఒకటే అయితే రెండో అక్షరం చూడాలి. ఇలా సాగి, ఎంతో శ్రమపడి కూర్చిన ఈ వరసని చులకనగా చూడొద్దని బతిమాలుకున్నాడు. పండితులకి అక్షరక్రమం ఎందుకు నచ్చేది కాదో ఊహించవచ్చు. దేవుణ్ణి, దేవదూతల్ని, మనుషుల్ని, జంతువుల్ని వాటి స్థాయి ప్రకారం పేర్చాలనుకునే లోకంలో, ఏ మాట ఏ అక్షరంతో మొదలవుతుందన్నది అర్థంపర్థం లేని వరసగా కనిపిస్తుంది. కానీ దాని బలమంతా అందులోనే ఉంది. ఏ సిద్ధాంతం తెలియనివాడైనా అందులో వెతుక్కోగలడు.

చిరునామా సంగతి బైబిల్ దగ్గర మొదలైంది. ఇప్పుడు వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో పారిస్‌లో బోధించిన స్టీఫెన్ లాంగ్టన్ పేరుతో ముడిపడి ఉంది. ఆ తర్వాత 1230లలో అదే నగరంలోని సెయింట్ జాక్ మఠంలో హ్యూ ఆఫ్ సెయింట్ షేర్ ఆధ్వర్యంలో డొమినికన్ సన్యాసులు బైబిల్‌లోని మాటలన్నిటికీ జాబితా తయారుచేశారు. అప్పటికి వచనాలకి నంబర్లు లేవు. అందుకని ప్రతి అధ్యాయాన్ని మనసులోనే ఏడు ముక్కలుగా చేసి ఎ నుంచి జి దాకా అక్షరాలు ఇచ్చారు. ఒక మాట పక్కన గ్రంథం పేరు, అధ్యాయం సంఖ్య, ఒక అక్షరం ఉంటే చాలు, చూసేవాడు నేరుగా ఆ ముక్కకి వెళ్తాడు. దీని అవసరం ప్రసంగాల్లోంచి వచ్చింది. ఊరూరా తిరిగి ఉపన్యాసం చెప్పే సన్యాసికి, ఒక విషయం మీద ఎక్కడెక్కడ ఏముందో త్వరగా దొరకాలి. మొత్తం కూర్చుని చదివే తీరిక అతనికి ఉండేది కాదు. అదే కాలంలో ఇంగ్లండులో రాబర్ట్ గ్రోసెటెస్ట్ తాను చదివిన పుస్తకాలన్నిటికీ విషయాలవారీగా ఒక పట్టిక వేసుకున్నాడు. ఒక్కో విషయానికి ఒక్కో గుర్తు. చదువుతున్నప్పుడు అంచుల్లో ఆ గుర్తు గీసుకునేవాడు.

అంచుల్లో గీతలంటే ఇంకోటి చెప్పాలి. మధ్యయుగపు రాతప్రతుల్లో ముఖ్యమైన వాక్యం పక్కన పాఠకులు ఒక చిన్న చెయ్యి బొమ్మ వేసేవారు, వేలు వాక్యం వైపు చాపి. కొన్నిటికి చొక్కా మణికట్టు కూడా శ్రద్ధగా గీశారు. అచ్చు వచ్చాక ఆ చెయ్యికి సీసపు అచ్చులు పోశారు. అచ్చు పనివాళ్లు ఆ గుర్తుని కూడా ఇండెక్స్ అనేవారు.

రాతప్రతికి ఇంకో సమస్య ఉంది. ఒకే పుస్తకాన్ని ఇద్దరు లేఖకులు రాస్తే ఒకరికి 80 ఆకులు పడుతుంది, ఇంకొకరికి 95. ఒక ప్రతికి వేసిన సూచిక ఇంకో ప్రతికి పనికిరాదు. అచ్చు ఈ చిక్కుని తీర్చింది. ఒక ముద్రణలో ప్రతులన్నిటిలోనూ ఒకే మాట ఒకే ఆకు మీద పడుతుంది. 1470లో కొలోన్ నగరంలో ఆర్నోల్డ్ థెర్ హోర్నెన్ అనే ముద్రాపకుడు ఒక చిన్న ప్రసంగ పుస్తకంలో ఆకు ఆకుకీ సంఖ్య అచ్చువేశాడు. మనం పేజీ నంబరు అని పట్టించుకోకుండా దాటిపోయేదానికి అచ్చులో తొలి రూపం అది.

సూచిక తయారుచేసే చేతిపనిని స్విట్జర్లండు పండితుడు కొన్రాడ్ గెస్నర్ 1548లో వివరంగా రాశాడు. ఏ వరసా చూసుకోకుండా, చదువుతూ దొరికిన అంశాలన్నీ మంచి కాగితం మీద ఒకవైపే రాసుకోవాలి. తర్వాత కత్తెరతో ఒక్కో అంశాన్ని ముక్కగా కత్తిరించాలి. బల్ల మీద పరుచుకుని ముందు పెద్ద గుంపులు, ఆ తర్వాత చిన్న గుంపులు చేయాలి. వరస కుదిరాక జిగురుతో అతికించాలి. ఒకవైపే ఎందుకు రాయాలో కత్తెర పట్టిన ఎవరికైనా అర్థమవుతుంది. లైబ్రరీల కార్డు కేటలాగు వెనక ఉన్నదీ ఈ ఆలోచనే. విషయాన్ని దాని మొదటి వరస నుంచి విడదీసి, కదిలించగలిగే ముక్కగా చేయడం.

వేలు చూపడంలోని చీకటి అర్థం కూడా అచ్చు పుస్తకాల కాలంలో తిరిగి వచ్చింది. 1559లో పోప్ నాలుగో పాల్ నిషిద్ధ గ్రంథాల జాబితా ఒకటి విడుదల చేశాడు. దానికి పేరు ఇండెక్స్. కాథలిక్కులు ఏవి చదవకూడదో అది చూపిస్తుంది. సూర్యుడి చుట్టూ భూమి తిరుగుతుందన్న కోపర్నికస్ గ్రంథాన్ని సవరించే దాకా నిలిపివేస్తున్నామని 1616లో ప్రకటించారు. గెలీలియో సంభాషణ గ్రంథం 1633 శిక్షతో అందులో చేరింది. ఇద్దరి పుస్తకాలూ ఆ జాబితా నుంచి తొలగింది 1835 ముద్రణలో. జాబితా చివరి ముద్రణ 1948. చట్టబద్ధమైన బలం పోయింది 1966లో.

జాబితా కాస్తా అంకెగా ఎలా మారింది? వేలు చూపించినట్టే గడియారం ముల్లు, కొలత పరికరాల్లో ముల్లు కూడా చూపిస్తాయి. వాటినీ ఇండెక్స్ అన్నారు. ముల్లు ఒక అంకె మీద నిలుస్తుంది. నేరుగా కొలవలేని దాన్ని ఒక అంకెతో చూపించడం అక్కడి నుంచి ఒక్క అడుగు. ధరలు పెరిగాయి అంటాం, కానీ ధర అనేది ఒకటి కాదు. బియ్యం ధర, అద్దె, బస్సు చార్జీ, మందుల ఖర్చు దేని దారి దానిది. వాటిని ఇంటి ఖర్చులో వాటి వాటా ప్రకారం కలిపి, ఒక సంవత్సరాన్ని 100 అనుకుని, ఇప్పుడు ఎంతయిందో చెబుతారు. కేంద్ర ఉద్యోగుల డీఏ లెక్క పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ పన్నెండు నెలల సగటు మీద నడుస్తుంది.

సెన్సెక్స్ అనే పేరులోనే ఇండెక్స్ సగం దాగుంది. సెన్సిటివ్, ఇండెక్స్ రెండూ అతికించిన మాట అది. 1986లో బొంబాయి స్టాక్ ఎక్స్‌ఛేంజి 30 కంపెనీలతో ఆ సూచీని మొదలుపెట్టింది. ఆధార సంవత్సరం 1978-79, దాని విలువ 100. సెన్సెక్స్ 80 వేలు అంటే ఆనాటి 100 ఈనాడు 80 వేలయిందని, అంటే ఎనిమిది వందల రెట్లని అర్థం. టీవీలో ఇన్ని పాయింట్లు పడింది అని ఎర్ర అక్షరాల్లో చూపించగానే టెన్షన్ పడేవాళ్లు ఇది గుర్తుంచుకుంటే మంచిది. 80 వేల మీద 800 పాయింట్లు ఒక్క శాతం. 20 వేల మీద అయితే అదే 800 నాలుగు శాతం. ముల్లు ఎంత కదిలిందన్నది అది ఎక్కడ నిలబడి కదిలిందో తెలియకపోతే ఏమీ చెప్పదు.

ఇక మన రెండు రాష్ట్రాల్లో ఇల్లు, స్థలం కొన్న ప్రతివాళ్లూ తెలియకుండానే ఒక ఇండెక్స్ వాడి ఉంటారు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించడం అంటే అదే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో ఎక్కుతాయి. ఎక్కేది రిజిస్టరైన వరసలోనే. ఉదయం ఒక ఊరి పొలం, మధ్యాహ్నం ఇంకో ఊరి ఇల్లు, సాయంత్రం తనఖా. ఆ పుస్తకం ఒక్కటే ఉంటే ఒక సర్వే నంబరు మీద ఏమేం లావాదేవీలు జరిగాయో తెలుసుకోవడానికి ఏళ్ల తరబడి సంపుటాలు తిరగేయాలి. అందుకే చట్టం 55వ సెక్షన్ చెప్పిన నాలుగు ఇండెక్సుల్లో రెండు ఈ ఒకటో పుస్తకానివే. ఒకటో ఇండెక్స్ మనుషుల పేర్లది. రాసిచ్చినవారు, రాయించుకున్నవారు ఇద్దరూ అందులో ఉంటారు. రెండో ఇండెక్స్ ఆస్తులది, స్థలం వివరాలతో. దస్తావేజు ఒక్కటే, దానికి మూడు దారులు. తేదీ తెలిస్తే ఒక దారి, మనిషి తెలిస్తే ఒక దారి, భూమి తెలిస్తే ఒక దారి. ఈసీ అంటే ఆ సూచికల్లో ఫలానా ఆస్తి మీద, ఫలానా కాలంలో ఏమేం ఉన్నాయో వెతికి ఇచ్చే పత్రం.

ఒకప్పుడు గుమాస్తా ఆ లావు పుస్తకాలు దించి చేత్తో వెతికేవాడు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్డ్ అనే ప్రాజెక్టుతో ఈ పని కంప్యూటర్లకెక్కింది. వెతకడం వేగమైంది, కానీ సూచిక స్వభావం మారలేదు. సర్వే నంబరు తప్పుగా ఎక్కితే దస్తావేజు భద్రంగా పుస్తకంలో ఉన్నా ఈసీలో కనిపించదు. అందుకే ఈసీ క్లీన్‌గా ఉంది కదా అని ఆగిపోకుండా లింకు డాక్యుమెంట్లు కూడా చూడమని తెలిసిన లాయర్లు చెబుతారు. సూచిక తనకి చెప్పినదాన్నే చూపిస్తుంది.

కంప్యూటర్ డేటాబేస్ లోపల జరిగేదీ ఇదే. సమాచారంలో ఒక్కో నమోదుని ఒక వరస (రో) అంటారు. ఆ వరసలు వచ్చిన క్రమంలో పడి ఉంటాయి, పక్కన ఒక సూచిక వేరే క్రమంలో ఉంటుంది. అందులో ఎక్కువగా వాడే బీ-ట్రీ పద్ధతిని బోయింగ్ సంస్థ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్రైట్ 1970 ప్రాంతంలో రూపొందించారు. ఒక్కో అంచెలో వెయ్యి దారులు చీలేలా పెడితే మూడు అంచెల్లో వంద కోట్ల వరసల్లో కావలసిన ఒక్కటి దొరుకుతుంది. వెతకడం తేలికయ్యే కొద్దీ రాయడం బరువవుతుంది. కొత్త వరస చేరిన ప్రతిసారీ సూచికల్లో కూడా చేర్చాలి కాబట్టి, కనిపించిన ప్రతి కాలమ్ మీదా ఇండెక్స్ వేసేస్తే పని నెమ్మదిస్తుంది.

సెర్చ్ ఇంజిన్ వాడే సూచిక 13వ శతాబ్దపు సన్యాసుల జాబితాకి నేరు వారసురాలు. మాట పక్కన అది ఉన్న పేజీలు, ఆ పేజీల్లో స్థానాలు. మనం వెతికినప్పుడు అది ఇంటర్నెట్ మొత్తాన్ని చదవదు, ముందే కట్టిపెట్టుకున్న ఈ జాబితాని చూస్తుంది. అయితే ఇంగ్లిష్‌కి అంతగా లేని కష్టం తెలుగుకి ఉంది. పుస్తకం, పుస్తకాన్ని, పుస్తకాలు, పుస్తకాల్లో అన్నవి మనకి ఒకే మాట. యంత్రానికి నాలుగు వేర్వేరు మాటలు. ఇల్లు అన్నది ఇంట్లో అవుతుంది, ఇళ్లు అవుతుంది. గుడి గుళ్లో అవుతుంది, చెయ్యి చేత్తో అవుతుంది. ఈ రూపాలన్నిటినీ ఒక మూలానికి చేర్చే వ్యాకరణం చెప్పకపోతే, ఉన్న సమాచారం కూడా దొరకదు.

వరస విషయంలోనూ మన లిపికి ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. పిల్లలు అం, అః అచ్చుల చివర చదువుతారు. యూనికోడ్‌లో సున్నాకి ఇచ్చిన సంఖ్య అకారం కన్నా ముందుంది. కేవలం సంఖ్యల ప్రకారం పేరిస్తే అంకె, అక్క కన్నా ముందు వస్తుంది. వర్ణమాలలో చివర చదివే క్ష యంత్రానికి ఒక అక్షరం కాదు. అది క, పొల్లు, ష కలిసిన మూడు ముక్కలు. కాబట్టి క్షమ అనే మాట కౌలు తర్వాత, ఖర్చు కన్నా ముందు కూర్చుంటుంది. చివరెక్కడో నేర్చుకున్న బండి ఱ, ర పక్కకి చేరుతుంది. తెలుగు పుస్తకానికి సూచిక వేసేవాళ్లు ఏ వరస పాటిస్తున్నారో మొదట ఒక వాక్యంలో చెప్పాలి. చాలా పుస్తకాల్లో ఆ వాక్యం ఉండదు.

అసలు సూచికే ఉండని పుస్తకాలు అంతకన్నా ఎక్కువ. ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి. పద్యకావ్యాలకి పద్యాల అకారాది పట్టిక వేసే మంచి అలవాటు మన సంపాదకులకి ఉంది. మొదటి పాదం గుర్తుంటే పద్యం దొరుకుతుంది. వచనానికి వచ్చేసరికి ఆ శ్రద్ధ పోతుంది. జిల్లా చరిత్రలు, స్వీయచరిత్రలు, ఉద్యమాల జ్ఞాపకాలు ఆరేడు వందల పేజీల్లో వస్తాయి. వాటిలో వందల ఊళ్లు, వందల మనుషులు. తన తాతగారి పేరో, తన ఊరి పేరో అందులో ఉందేమోనని చూసేవాడికి చివర ఒక్క పేజీ కూడా సాయం చేయదు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో లార్డ్ కాంప్‌బెల్ అనే న్యాయాధికారి, సూచిక లేకుండా పుస్తకం వేసిన రచయితకి కాపీరైటు హక్కు లేకుండా చేయాలని పార్లమెంటులో ప్రతిపాదించాలనుకున్నాడు. తన పుస్తకాలకే సూచిక లేకపోయిందని కూడా ఒప్పుకున్నాడు. చట్టం దాకా వెళ్లక్కర్లేదు గానీ, ఆయన కోపం న్యాయమైనదే.

ఇప్పుడు పుస్తకాలు స్కాన్ అవుతున్నాయి, కావలసిన మాట కొట్టి వెతుక్కోవచ్చు కదా అని అనేవాళ్లున్నారు. మాట వెతకడం, విషయం వెతకడం ఒకటి కాదు. బందరు అని వెతికితే మచిలీపట్నం అని రాసిన పేజీలు రావు. రాజమండ్రి అని వెతికితే రాజమహేంద్రవరం తప్పిపోతుంది. బెజవాడ, విజయవాడ సంగతీ అంతే. చేత్తో వేసిన సూచికలో 'బందరు, చూ. మచిలీపట్నం' అని ఒక్క ముక్క ఉంటే సరిపోతుంది. చూ. అంటే చూడండి. మన నిఘంటువుల్లో ఆ 'చూ.' ఎప్పటి నుంచో ఉంది. ఒక పేజీలో మనిషి పేరు రాకుండానే అతని గురించి మూడు పేరాలు నడిచాయనుకోండి, ఆ పేజీని అతని పేరు కిందకి చేర్చగలిగేది పుస్తకం చదివి అర్థం చేసుకున్న మనిషే.

పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. ఇంగ్లిష్ పద్ధతిలో పేరులో చివరి మాటని ముందుకి తెస్తారు. దాన్ని కళ్లు మూసుకుని మనకి వర్తింపజేస్తే రావులు, రెడ్లు, శాస్త్రులు, శర్మలు గుంపులుగా ఒకచోట పడతారు. ఎవరు ఎవరో తెలియదు. తెలుగులో ఇంటిపేరు ముందే ఉంటుంది కాబట్టి గురజాడ అప్పారావు గ దగ్గరే ఉండాలి, వేటూరి ప్రభాకరశాస్త్రి వ దగ్గరే ఉండాలి. కానీ జనం నోట్లో పేరు వేరేగా నలిగితే అక్కడ కూడా ఒక చీటీ పెట్టాలి. పీవీ అని వెతికేవాడిని పాములపర్తి వేంకట నరసింహారావు దగ్గరకి పంపాలి. కలం పేరుతో రాసినవాళ్లకి కలం పేరు దగ్గర పేజీలు, అసలు పేరు దగ్గర 'చూ.' అని పెట్టడం పాఠకుడికి సుఖం. పెళ్లితో ఇంటిపేరు మారిన రచయిత్రుల విషయంలో రెండు పేర్లూ ఉండి తీరాలి. లేకపోతే ఆవిడ తొలి రచనలు ఇంకెవరివో అన్నట్టు మిగిలిపోతాయి.

పని మొదలుపెట్టాల్సింది పేజీలు స్థిరపడిన చివరి ప్రూఫు మీద. అంతకుముందు వేస్తే ఒక ఫొటో చేరినా నంబర్లన్నీ జరిగిపోతాయి. విషయాల సూచిక వేసే ఓపిక లేకపోతే కనీసం మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, ప్రస్తావించిన పత్రికల పేర్లు, ఈ మూడూ వేస్తే చాలు. ఒక పేరు పక్కన వరసగా ముప్పై పేజీ నంబర్లు పడితే వాటిని విడగొట్టి, బాల్యం ఎక్కడ, జైలు జీవితం ఎక్కడ, ఉత్తరాలు ఎక్కడ అని చిన్న చిన్న ఉపశీర్షికలు ఇవ్వాలి. రచయిత తన పుస్తకానికి తానే ఈ పని చేసుకోవచ్చు, ప్రచురణకర్త ఇంకొకరితో చేయించవచ్చు. ఎవరు చేసినా వాళ్ల పేరు కూడా పుస్తకంలో వేయాలి.